నకళ్లు దాచిన నాదం

జాన్ డౌలండ్‌కు ఒళ్లు మండింది. 1596లో లండన్‌లో విలియం బార్లీ అనే పుస్తకాల వ్యాపారి ల్యూట్ అనే తీగల వాద్యం నేర్చుకునేవాళ్ల కోసం ఒక పాఠ్యపుస్తకం అచ్చువేశాడు. అందులో డౌలండ్ కూర్చిన బాణీలు ఆయనతో మాటమాత్రం చెప్పకుండా చేరిపోయాయి. మరుసటి ఏడాది తన తొలి పాటల సంపుటి తెచ్చినప్పుడు డౌలండ్ ముందుమాటలోనే ఆ సంగతి ఎత్తాడు. తనకు తెలియకుండా అచ్చయినవన్నీ తప్పుల తడకలనీ, మేలైనవాటిని ఏరి త్వరలో తానే ప్రచురిస్తాననీ రాశాడు. ఆ త్వరలో ఎన్నటికీ రాలేదు. ఆ తర్వాత దాదాపు ముప్పయ్యేళ్లు బతికాడు. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ కొలువులో ఏళ్ల తరబడి ఉన్నాడు. 1612లో ఇంగ్లండ్ రాజు కొలువులో చోటు సంపాదించాడు. పాటల పుస్తకాలు ఇంకా వేశాడు. ల్యూట్ మీద ఒంటరిగా వాయించే బాణీల సంపుటి మాత్రం వెయ్యకుండానే 1626లో కన్నుమూశాడు.

ఇవాళ డౌలండ్‌వని చెప్పుకునే ల్యూట్ బాణీలు వంద దాకా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం దొరికింది ఎవరెవరో తమ సాధన కోసం రాసుకున్న నోటుపుస్తకాల్లో. ఒకరి దగ్గర చూసి మరొకరు, ఆ మరొకరి దగ్గర చూసి ఇంకొకరు ఎత్తిరాసుకున్న నకళ్లవి. వాటిలో తప్పులున్నాయి, ఎగిరిపోయిన స్వరాలున్నాయి, ఒకే బాణీకి మూడు నాలుగు పాఠాలున్నాయి. డౌలండ్ చూసి ఉంటే వాటి మీదా విరుచుకుపడేవాడే. కానీ ఆ నకళ్లే లేకపోతే ఐరోపా ఖండం మెచ్చిన ఒక మహా వైణికుడు మనకు పాటల రచయితగా మాత్రమే మిగిలేవాడు.

వైణికుడు అన్న మాట ఇక్కడ ఊరికే పడలేదు. ల్యూట్ కూడా వీణ జాతిదే. అరబ్బుల ఊద్ స్పెయిన్, సిసిలీల మీదుగా ఐరోపా చేరి మారిన రూపం అది. నిలువునా చీల్చిన బేరిపండులాంటి వీపు, పొట్టి మెడ, మెడ చివర దాదాపు లంబకోణంలో వెనక్కి విరిగిన బిరడల పెట్టె, గొర్రె పేగుతో పేనిన తీగలు. 1500 నుంచి 1750 వరకు రాజుల కొలువుల్లో, వర్తకుల ఇళ్లలో, చదువుకున్న కుటుంబాల ఆడపిల్లల చేతుల్లో అది తిరిగింది. తర్వాత ఎవరికీ పట్టకుండా పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని వాయించడం తెలిసినవాడు దొరకడమే గగనమైంది. అలాంటి వాద్యం ఇప్పుడు మళ్లీ వినిపిస్తోంది. 2006లో స్టింగ్ లాంటి రాక్ గాయకుడు డౌలండ్ పాటలతో ఆల్బమ్ చేసేంత దూరం వచ్చింది. గురుశిష్య పరంపర పూర్తిగా తెగిపోయిన వాద్యం ఎలా లేచి నిలబడిందన్నది తెలుగువాళ్లు కాస్త ఓపికగా చూడవలసిన కథ. వీణ మన దగ్గర ఇంకా బతికే ఉంది కనుక.

మొదట ఆ నోటుపుస్తకాల సంగతి. మాథ్యూ హోమ్స్ అనే చర్చి గాయకుడు ఆక్స్‌ఫర్డ్‌లోనూ, తర్వాత లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ అబేలోనూ ఉద్యోగం చేశాడు. ఖాళీ దొరికినప్పుడల్లా దొరికిన బాణీనల్లా రాసుకుంటూ పోయాడు. 1621లో పోయేనాటికి ఆయన పుస్తకాల్లో వందల బాణీలు చేరాయి. వయసు పెరిగేకొద్దీ ఆయన చేతిరాత పెద్దదవుతూ రావడం కూడా ఆ పుటల్లో కనిపిస్తుంది. అవిప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఇంగ్లండ్ ల్యూట్ సంగీతానికి అంతకు మించిన నిధి లేదు. జేన్ పికరింగ్ అనే ఆమె తన పుస్తకం మీద పేరూ 1616 అనే ఏడూ రాసుకుంది. అది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మార్గరెట్ బోర్డ్ అనే మరొకామె పుస్తకంలో మధ్యమధ్య డౌలండ్ చేతిరాతే కనిపిస్తుంది. ఆమెకు ఆయన పాఠాలు చెప్పి ఉంటాడని పండితులు అనుకోవడానికి ఆధారం అదే. వీళ్లెవరూ చరిత్ర కోసం రాయలేదు. రేపు వాయించుకోవడానికి రాసుకున్నారు. చరిత్ర కోసం రాసినవాళ్లయితే బహుశా గొప్ప గొప్ప బాణీలే ఏరుకునేవాళ్లు. వీళ్లు వీధిపాటలూ, నాట్యాల గత్తులూ, సగంలో ఆగిపోయినవీ అన్నీ ఎక్కించారు. అందుకే ఆ కాలపు చెవి ఏం విన్నదో మనకు తెలిసింది.

ఆ పుటల మీద ఉన్నది మామూలు స్వరలిపి కాదు. ట్యాబ్లేచర్ అంటారు. ఫ్రాన్సు, ఇంగ్లండ్ పద్ధతిలో ఆరు గీతలు ఉంటాయి. ఒక్కో గీత ఒక్కో తీగ జతకు గుర్తు. గీత మీద ఏ అని ఉంటే ఆ జతను ఖాళీగా మీటాలి, బీ అంటే మొదటి మెట్టు, సీ అంటే రెండోది. ఒక్కో మీటు ఎంతసేపో చెప్పే కాలప్రమాణం గుర్తులు పైన ఉంటాయి. ఇటలీవాళ్లు అక్షరాలకు బదులు అంకెలు వేశారు, గీతల వరుసనూ తిరగేశారు. జర్మన్లు మెడ మీద ఒక్కో చోటుకు ఒక్కో వేరే గుర్తు పెట్టుకున్నారు. ఆ పద్ధతిని కొన్రాడ్ పౌమన్ అనే అంధ సంగీతజ్ఞుడు కనిపెట్టాడని 1511లో విర్‌డుంగ్ అనే సంగీత గ్రంథకర్త రాశాడు. కళ్లున్నవాళ్లకు మాత్రం అది నేటికీ నరకమే.

ఈ లిపిలో ఒక పెద్ద లోపం ఉంది. ఏ స్వరం మోగుతుందో అది చెప్పదు. వేలు ఎక్కడ పెట్టాలో మాత్రమే చెబుతుంది. ఆ లోపమే నాలుగు వందల ఏళ్ల తర్వాత వరమైంది. వేలు పడే చోటు తెలిస్తే తీగల శ్రుతి కలిపిన తీరు తెలుస్తుంది, ఏ వేలు ఎంత చాచాలో చూస్తే మెడ పొడవు ఎంతలో ఉండాలో అంచనా దొరుకుతుంది, ఏ తీగను ఎక్కువగా వాడారో లెక్కపెడితే వాద్యంలో ఏది బలంగా పలికేదో అర్థమవుతుంది. 1507లో వెనిస్‌లో పెత్రూచీ అచ్చువేసిన స్పినాచీనో పుస్తకం ఈ లిపిలో వచ్చిన తొలి ల్యూట్ ముద్రణ. అప్పటి నుంచి జర్మన్ ల్యూట్ విద్వాంసుడు వీస్ చనిపోయిన 1750 దాకా వాద్యం ఎలా మారిందో ఈ అక్షరాలూ అంకెలే సాక్ష్యం.

వాద్యాలే మిగిలి ఉన్నాయి కదా, కాగితాలతో పనేమిటి అనే ప్రశ్న వస్తుంది. మిగిలినవి తక్కువ. మిగిలినవి చెప్పేది నమ్మడానికీ లేదు. జర్మనీ నుంచి వెళ్లి బొలోన్యాలో కార్ఖానా పెట్టిన లావుక్స్ మాలర్ 1552లో పోయినప్పుడు సరుకు లెక్క రాస్తే పదకొండు వందల దాకా ల్యూట్లు తేలాయి. ఇవాళ ఆయన చేసినవని చెప్పగలిగేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అవి కూడా ఆయన చేసినట్టు లేవు. వందేళ్ల తర్వాత ఫ్రాన్సు, ఇంగ్లండ్‌లలో మాలర్ వీపు ఉన్న ల్యూట్‌కు విపరీతమైన గిరాకీ వచ్చింది. పాత వీపు ఉంచుకుని మెడ తీసి కొత్తది వేసేవారు. ఆరు జతల వాద్యం పదకొండు జతలదయ్యేది. పగుళ్లు పట్టి, దెబ్బలు తిన్న రెండు మాలర్ ల్యూట్లకు ఒక్కోదానికి వంద పౌన్ల ధర కట్టడం తాను చూశానని కేంబ్రిడ్జివాసి థామస్ మేస్ 1676లో రాశాడు. మ్యూజియం బీరువాలో పదహారో శతాబ్దపు చీటీ తగిలించుకుని కూర్చున్న ల్యూట్‌లో పదహారో శతాబ్దానిది ఏ ముక్కో తేల్చడమే ఒక విద్య. ఇన్స్‌బ్రుక్‌కు చెందిన గేయోర్గ్ గెర్లె 1580 ప్రాంతంలో దంతపు వీపుతో చేసిన ఆరు జతల ల్యూట్ ఒకటి పెద్దగా మార్పుల్లేకుండా వియన్నాలో నిలిచింది. అలాంటివి అరుదు.

తయారీ గురించి రాసిపెట్టినవాళ్లూ తక్కువే. చేతిపని చేసేవాళ్లు సాధారణంగా రాయరు, వాళ్ల కొడుకులకు చూపిస్తారు. మొదటి నక్షా గీసింది వడ్రంగి కాదు, బర్గండీ ప్రభువు కొలువులో వైద్యుడూ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడూ అయిన అర్నో ద జ్వోల్. 1440 ప్రాంతపు ఆయన లాటిన్ రాతప్రతి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. వృత్తలేఖినితో ల్యూట్ రూపురేఖ ఎలా గీయాలో, రంధ్రం ఎక్కడ రావాలో, లోపలి అడ్డకర్రలు ఎక్కడ పడాలో, వీపుకు మూస ఎలా చెయ్యాలో నిష్పత్తుల్లో చెప్పాడు. అంగుళాలు లేవు. ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దది గీసుకోవచ్చు.

ఇక మూస మీద పని దగ్గరకొస్తే చేతులు వణకాలి. మేపుల్ లేదా యూ కర్రను సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మందానికి చిత్రిక పట్టి, తడిపి, కాలిన ఇనుము మీద వంచి, పట్టీ పక్కన పట్టీ అంచుకు అంచు అతికిస్తారు. తోలు ఉడికించి తీసే వజ్రం జిగురే వాడతారు, మళ్లీ ఎప్పుడైనా విప్పాలంటే వేడికీ తడికీ ఊడివస్తుంది కనుక. తొలినాళ్లలో వీపుకు తొమ్మిదో పదకొండో పట్టీలు ఉండేవి. 1600 నాటికి యాభై దాటినవీ ఉన్నాయి. పై పలక స్ప్రూస్ కర్ర, అదీ అంతే పలచన. శబ్దరంధ్రానికి విడిగా జాలీ చేసి బిగించరు, ఆ పలకలోనే కత్తి మొనతో లతలూ ముడులూ తొలుస్తారు. ఒక్క పోటు జారితే పలక మొత్తం పొయ్యిలోకే. బ్రిడ్జి పలకకు జిగురుతో అతుక్కుని ఉంటుంది తప్ప ఇంకే ఆసరా లేదు. వాద్యమంతా కలిపి కిలో బరువు తూగదు. ఒకే మొద్దులోంచి తొలిచిన ఏకాండి వీణ మోసినవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుంటే లోపల ఏమైనా ఉందా అని అనుమానపడతారు.

ఆ తేలికతనమే శ్రుతి దగ్గర ప్రాణాలు తోడేది. గాలిలో తేమ మారినప్పుడల్లా పేగు తీగ శ్రుతి కూడా మారిపోతుంది. ఆరు జతల ల్యూట్‌కు పదకొండు తీగలు, వీస్ నాటి పదమూడు జతలదానికి ఇరవై నాలుగు. ఎనభై ఏళ్లు బతికిన ల్యూట్ వాద్యకారుడు అరవై ఏళ్లు శ్రుతి చేసుకోవడానికే ఖర్చుపెట్టి ఉంటాడని 1713లో హాంబుర్గ్‌లో మాటెజోన్ అనే సంగీత రచయిత వెక్కిరించాడు. దానికి ఉడికిపోయిన ఎర్న్‌స్ట్ గాట్‌లీబ్ బారోన్ 1727లో ల్యూట్ మీద ఒక పుస్తకమే రాసి జవాబిచ్చాడు. వెక్కిరింత పుణ్యమా అని మనకొక విలువైన చారిత్రక గ్రంథం దక్కింది. థామస్ మేస్ అయితే ల్యూట్‌ను పగలు మంచం మీద దుప్పటికీ కంబళికీ మధ్య పడుకోబెట్టమన్నాడు. తేమ తగలదు, జిగురు ఊడదు, శ్రుతి నిలుస్తుంది. ఎవరూ చూసుకోకుండా ఆ మంచం మీద వాలిపోకుండా జాగ్రత్తపడమని కూడా హెచ్చరించాడు. అనుభవం మీద రాసిన వాక్యమే అయి ఉంటుంది.

పాత పుస్తకాల ప్రకారం శ్రుతికి నిర్ణీతమైన ఆధారస్వరం లేదు. పైతీగను తెగిపోకుండా ఎంతవరకు బిగించగలిగితే అంతవరకు బిగించు, మిగిలినవి దానికి కలుపు అంటాయి. ఒక జతకూ ఇంకో జతకూ మధ్య దూరం సా–మా, నడిమి రెండు జతల మధ్య మాత్రం సా–గా. పై తీగ తెగితే మరీ పైకి బిగించావన్నమాట. పేగుకు డబ్బులు వాద్యకారుడివే.

మెట్ల దగ్గర కథ ఇంకా రసవత్తరంగా ఉంటుంది. ల్యూట్ మెట్లు పేగు దారంతో మెడ చుట్టూ బిగించిన ముడులు. వేలితో నెడితే జరుగుతాయి. ఎక్కడ కట్టాలన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. ఫ్లోరెన్స్‌కు చెందిన ల్యూట్ పండితుడు విన్‌చెంజో గలిలేయి 1581లో సులువైన లెక్క ఇచ్చాడు. తీగ పొడవును పద్దెనిమిది భాగాలు చేసి ఒక భాగం దగ్గర మొదటి మెట్టు కట్టు, మిగిలినదాన్ని మళ్లీ పద్దెనిమిది చేసి రెండోది కట్టు. అరవై సెంటీమీటర్ల తీగకు మొదటి మెట్టు 33 మిల్లీమీటర్ల చిల్లర దగ్గర, రెండోది అక్కడి నుంచి మరో 31న్నర దగ్గర పడతాయి. ఇలా పన్నెండో మెట్టు దాకా పోతే సరిగ్గా సగంలో, ముప్పై సెంటీమీటర్ల దగ్గర పడాలి. రెండు మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది. లెక్క తప్పేమో అనిపిస్తుంది కానీ వేలితో నొక్కినప్పుడు తీగ కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది, ఆ పెరుగుదల ఈ తగ్గుదలను చాలావరకు సరిచేస్తుంది. కాగితం మీది గణితానికి వేలి బరువు తెలియదు, ల్యూట్ వాయించేవాడికి తెలుసు.

ఈ గలిలేయే తీగలకు బరువులు వేలాడదీసి కూడా చూశాడు. ఒక స్థాయి పైకి, అంటే కింది సా నుంచి పై సా దాకా పోవాలంటే బరువు రెట్టింపు చేస్తే చాలని పైథాగరస్ పేరు మీద శతాబ్దాలుగా గ్రంథాలు ఒకదాన్నొకటి చూసి రాస్తూ వచ్చాయి. గలిలేయి వేలాడదీస్తే నాలుగు రెట్లు కావలసివచ్చింది. ఎవరూ తూచి చూడకుండా రాసుకుంటూ పోయారన్నమాట. ఆ ఇంట్లో పెరిగి, ల్యూట్ కూడా బాగా వాయించిన పెద్దకొడుకు గెలీలియో. తమ్ముడు మికెలాన్యోలో మ్యూనిక్‌లో ల్యూట్ విద్వాంసుడై 1620లో తన బాణీల పుస్తకం అచ్చువేశాడు.

ఇంత చరిత్ర ఉన్న వాద్యాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట తప్పుగానే లేపింది. ఇంగ్లండ్‌లో ఆర్నల్డ్ డోల్మెచ్ 1893లో తన తొలి ల్యూట్ చేశాడు. 1950ల నుంచి గిటారు విద్వాంసుడు జూలియన్ బ్రీమ్ దాన్ని పెద్ద సభలకు తీసుకెళ్లాడు. ఆయన వాయించింది ల్యూట్ బొమ్మ ఉన్న గిటారు అనవచ్చు. కర్ర మందం, లోహపు మెట్లు బిగించి ఉండేవి, గోళ్లతో మీటేవాడు. పాత ల్యూట్ బిగువుగా ఉండదు, గోరు తగిలితే గీపెడుతుంది, వేలి కండతో నిమిరినట్టు మీటాలి. చాదస్తులు బ్రీమ్‌ను ఇప్పటికీ క్షమించరు. ఇది అన్యాయం. ఆయన రికార్డు విని పిచ్చెక్కినవాళ్లే తర్వాత మ్యూజియాల గుమ్మాలు తొక్కారు.

ఆ గుమ్మాలు తొక్కడమే అసలు మలుపు. 1956లో ఇంగ్లండ్‌లో ల్యూట్ సొసైటీ పుట్టింది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరైన డయానా పౌల్టన్ 1972లో డౌలండ్ జీవితచరిత్ర రాసింది. అమెరికాలోనూ 1966లో అలాంటి సంఘమే వచ్చింది. న్యూరెంబర్గ్ జాతీయ మ్యూజియంలో ఫ్రీడెమాన్ హెల్విగ్ పాత వాద్యాలను శాస్త్రీయంగా పరిశీలించి ప్రచురించాడు. పోర్ట్‌లండ్ నగరానికి చెందిన రాబర్ట్ లండ్‌బర్గ్ ఐరోపా మ్యూజియాల్లో ల్యూట్లు కొలిచి, తన మూసలూ, పద్ధతులూ, కర్ర మందాలూ అన్నీ వ్యాసాలుగా బయటపెట్టాడు. ఆయన పోయాక 2002లో అవి పుస్తకంగా వచ్చాయి. మ్యూజియాలు పూర్తి సైజు నక్షాలు అమ్మడం మొదలుపెట్టాయి. కేంబ్రిడ్జివాళ్లు మాథ్యూ హోమ్స్ పుస్తకాలను పుటపుటా ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. బ్యాంకు గుమాస్తా అయినా, బడిపంతులైనా పుట తెరిచి, తప్పు పట్టుకుని, ఇంకో నకలుతో పోల్చి వాయించుకోగలుగుతున్నాడు. అసలు పేగా, నైలానా అన్న గొడవ ఎప్పటికీ తెగదు. అది తెగకపోతేనే మంచిది, ప్రతి పోట్లాటకూ ఎవరో ఒకరు ఇంకో రాతప్రతి వెతికి తెస్తున్నారు.

రాతప్రతి మిగలాలంటే ఏం చెయ్యాలో బ్రెష్యాకు చెందిన విన్‌చెంజో కాపిరోలా శిష్యుడు వీడాల్‌కు ముందే తెలుసు. గురువుగారి బాణీలను 1517 ప్రాంతంలో శుభ్రంగా రాసి, మార్జిన్ల నిండా జంతువులూ పక్షులూ చెట్లూ రంగుల్లో వేశాడు. ఎందుకు వేశాడో ముందుమాటలో చెప్పాడు. ఈ పుస్తకం సంగీతం తెలియనివాడి చేతిలో పడితే బాణీల కోసం దాచడు, కనీసం బొమ్మల కోసమైనా దాస్తాడని. అందులోనే మెట్లు కట్టే తీరు, మంచి తీగ ఎంచుకునే తీరు కూడా రాశాడు. ఆ పుస్తకం ఇప్పుడు చికాగో న్యూబెరీ లైబ్రరీలో చెక్కుచెదరకుండా ఉంది.

ఇక మన సంగతి. విజయనగర అళియ రామరాయల కోసం రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాశాడు. అందులో వీణ ప్రకరణం ఉంది. తీగల శ్రుతి, మెట్ల స్థానాలు ఒక్కొక్కటీ తీసుకుని చెప్పాడు. తెలుగువాడని సంగీత చరిత్రకారులు చెప్పే సోమనాథుడు 1609లో రాగవిబోధ ముగించాడు. అందులో రాగాలకు వీణ మీద వాయించే రూపాలే స్వరపరిచి, మీటు ఎలా ఉండాలి, గమకం ఎలా పోవాలి అని చూపించడానికి ఇరవైకి పైగా గుర్తులు పెట్టుకున్నాడు. మరుసటి ఏడే లండన్‌లో డౌలండ్ కొడుకు రాబర్ట్ తెచ్చిన ల్యూట్ పాఠాల సంపుటిలో జాన్ డౌలండ్ మెట్లు కట్టే లెక్క రాశాడు. రెండు ఖండాల్లో ఒకే కాలంలో ఒకే అవస్థ. తంజావూరులో అప్పుడే రఘునాథ నాయకుడి పేరు మీద ఇరవై నాలుగు మెట్ల వీణ స్థిరపడుతోంది.

ఆ తర్వాత దారులు చీలిపోయాయి. లండన్ పుస్తకాన్ని వాయించేవాళ్లు ఇవాళ వేలల్లో ఉంటారు. సోమనాథుడి గుర్తులను వీణ మీద పెట్టి చూసినవాళ్లు ఎందరు? స్వరమేళకళానిధి 1932లో అన్నామలై విశ్వవిద్యాలయం పుణ్యాన అచ్చయింది. వీణ తరగతుల్లో ఆ పేరు పరీక్ష ప్రశ్నగా వస్తుంది, ఆ లెక్కతో మెట్లు నిలబెట్టి విన్నవాళ్లు మాత్రం అరుదు.

రాసుకుంటే విద్య చస్తుందని మన పెద్దలు అనే మాట ఒకటుంది. గమకం కాగితం మీదికి రాదు, గురుముఖతః నేర్వాలి అంటారు. నిజమే. ల్యూట్ ట్యాబ్లేచర్ కూడా అలంకారాలను అరకొరగానే రాసింది. అయినా ఆ అరకొరే లేకపోతే గురువు పోయాక మిగిలేది గుండుసున్నా. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చువేయించారు. తెలుగులో, తెలుగు లిపిలో, గమకాలకు విడివిడి గుర్తులతో. చిన్నస్వామి ముదలియార్ కోరిక, ఎట్టయపురం రాజావారి పట్టుదల లేకపోతే ఇంటి సొత్తు అంత తేలిగ్గా వీధిన పడేది కాదు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనల విషయంలో ఇప్పటికీ పండితులు తగవుపడి ఆఖరికి తెరిచేది ఆ పుస్తకమే. తమిళులు 1961 నుంచి దాన్ని సంపుటాలుగా తమ లిపిలోకి తెచ్చుకున్నారు. లిపి మనదే అయి ఉండి మన పిల్లల చేతుల్లో అది ఎంత కనిపిస్తుందో సంగీత కళాశాలలవాళ్లే చెప్పాలి.

వాద్యం తయారీ మాటకొస్తే పరిస్థితి ఇంకా సున్నితం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు ఒకే పనస మొద్దు నుంచి ఏకాండి వీణ తొలుస్తాయి. నూజివీడుది మరో పద్ధతి. కుండ ఎంత పలచన తొలవాలో, గుర్రం మీది కంచు రేకును ఎంత వంపున చెక్కాలో, మైనం మీద మేళం కట్టేటప్పుడు ఏ మెట్టు ఎంత ఎత్తు నిలవాలో వాళ్ల చేతికి తెలుసు, చెవికి తెలుసు. కాగితం మీద చాలా తక్కువ ఉంది. మాలర్ కార్ఖానాలోనూ ఇదే పరిస్థితి. పదకొండు వందల ల్యూట్లున్నచోట ఒక్క కొలతల కాగితం కూడా మనకు చేరలేదు. ఆ చేతులు పోయిన తర్వాత నాలుగు శతాబ్దాలకు లండ్‌బర్గ్ లాంటివాళ్లు ఒక్కో మ్యూజియంలో మళ్లీ మొదటినుంచి వెతుక్కోవలసి వచ్చింది.

కొలతలు బయటపెడితే మా కూడు పోతుంది అని వీణ చేసేవాళ్లు భయపడితే ఆ భయాన్ని కొట్టిపారెయ్యలేం. పనస కర్ర ధర, కొనేవాళ్ల సంఖ్య, కొలువుల్లేని కాలం అన్నీ వాళ్లే భరిస్తున్నారు. లండ్‌బర్గ్‌కు వేరే దేశపు ఆసరాలుండేవి. కానీ నక్షా చూసి ఎవడో వీణ చేసెయ్యగలడనుకోవడం చేతిపనిని తక్కువ చెయ్యడమే. ల్యూట్ నక్షాలు ఎవరైనా కొనుక్కోవచ్చు, అయినా మంచి ల్యూట్ కోసం జనం పేరున్న తయారీదారు దగ్గర వరుసలో నిలబడుతున్నారు. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, ఆ పేరుతో మరొకరు అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు.

కాబట్టి మ్యూజియాల్లోనూ, కోటల్లోనూ, విద్వాంసుల ఇళ్ల అటకల మీదా ఉన్న పాత వీణలను కొలవడం ఇప్పుడే మొదలుపెట్టాలి. ప్రభుత్వ సాంస్కృతిక శాఖలకు ఇదేమీ ఖర్చుతో కూడిన పని కాదు. ఒక్కో వీణకు కుండ మందం నాలుగు చోట్ల, దండి పొడవు, గుర్రం వంపు, ఇరవై నాలుగు మెట్ల దూరాలూ ఎత్తులూ, సొరకాయ బుర్ర కొలత, లోపల పాత మరమ్మతుల ఆనవాళ్లు, వీటితో పాటు లోపలి ఫొటోలు. తాళపత్రాల్లోనూ కాగితాల్లోనూ ఉన్న వీణ గ్రంథాలను అనుమతి పత్రాలూ రుసుములూ లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టాలి. తప్పుల తడకగా ఉన్న నోటుపుస్తకాలను కూడా, ముఖ్యంగా వాటినే. కొలిచేటప్పుడు పక్కన ఆ పని తెలిసిన వీణ వడ్రంగి ఒకరు కూర్చోవాలి. పై పొర ఎప్పుడు చిత్రిక పట్టారో, ఏ మెట్టు తర్వాత మార్చారో కొలబద్దకు తెలియదు, ఆయన వేలు పెట్టి చూపిస్తాడు. ఆ పూటకు కూలీ ఎటూ ఇస్తారు, నక్షా కింద కొలిచినవాడి పేరు పక్కన ఆయన పేరు కూడా వెయ్యాలి.